పరీక్షలో తెలిసిన జబ్బు ఓపీలో ఎందుకు తెలియదు?

నీట్ పీజీకి చదువుతున్న విద్యార్థిని ఆపి, గౌచర్ వ్యాధిలో ఎముక మజ్జ కణం ఎలా కనిపిస్తుందని అడగండి. నలిపిన టిష్యూ కాగితంలా ఉంటుందని తడుముకోకుండా చెబుతారు. నల్లగుడ్డు అంచున రాగిరంగు వలయం ఉంటే విల్సన్. తొడల మీద చేతులు ఆనించుకుంటూ నేల మీంచి లేచే పిల్లవాడంటే డుషేన్. ఇవన్నీ నాలుక చివరే ఉంటాయి. అదే విద్యార్థి పిల్లల ఓపీలో కూర్చున్నప్పుడు, పొట్ట ఉబ్బి, ఎదుగుదల లేక, ప్లేట్‌లెట్లు తగ్గిపోయిన నాలుగేళ్ల పాప వస్తుంది. మొదట మలేరియా పరీక్ష రాస్తారు. తర్వాత టైఫాయిడ్, ఆ తర్వాత రక్త కేన్సర్ అనుమానం. పాప మూడు నాలుగు ఆస్పత్రులు తిరుగుతుంది. నోటికి వచ్చిన గౌచర్ అనే పేరు ఆ గదిలో మాత్రం ఎవరికీ గుర్తుకు రాదు.

అరుదైన వ్యాధుల గురించి మన వైద్య విద్యార్థులకు ఏమీ తెలియదనే మాటను నేను ఒప్పుకోలేను. పేర్లు తెలుసు, లోపించిన ఎంజైముల పేర్లు తెలుసు, ఏ క్రోమోజోమ్ మీద ఏ జన్యువు ఉందో కూడా తెలుసు. ఎదురుగా ఉన్న బిడ్డను చూసి ఎప్పుడు అనుమానించాలో, అనుమానం వచ్చాక ఎక్కడికి పంపాలో, ఆ తల్లిదండ్రులతో ఏం మాట్లాడాలో మాత్రం ఎవరూ నేర్పలేదు. అవగాహన వేరు, సంసిద్ధత వేరు. ఈ విషయం మీద వచ్చిన చర్చంతా మొదటిదాని చుట్టూ తిరిగింది.

అరుదు అంటే ఎంత అరుదు? ఐరోపాలో 2,000 మందిలో ఒకరికి మించకుండా వచ్చేది అరుదైన వ్యాధి. అమెరికాలో 1983 నాటి చట్టం ప్రకారం దేశం మొత్తం మీద 2 లక్షల మంది కంటే తక్కువ మందికి ఉన్నది. మన దేశం 2021 మార్చిలో తెచ్చిన జాతీయ విధానం అంకె ఏదీ పెట్టుకోలేదు. ఎంతమందికి ఉందో లెక్కే లేనప్పుడు గీత ఎక్కడ గీస్తారు? ఫ్రాన్స్ కేంద్రంగా నడిచే అరుదైన వ్యాధుల సమాచార నిధి ఆర్ఫానెట్ ఆధారంగా 2019లో వెలువడిన ఒక విశ్లేషణ ఈ విషయంలో అందరికీ ఆధారమైంది. అందులో 6,172 వ్యాధులను లెక్కలోకి తీసుకున్నారు. వాటిలో సుమారు 72 శాతం జన్యుసంబంధమైనవి, 70 శాతం బాల్యంలోనే మొదలయ్యేవి. ఒక్కొక్కటీ అరుదే అయినా అన్నీ కలిపితే జనాభాలో 3.5 నుంచి 5.9 శాతం మందికి ఏదో ఒకటి ఉంటుందని తేలింది. తక్కువ అంకెనే తీసుకుని మనకు వర్తింపజేసినా, 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 8 కోట్ల 40 లక్షల పైచిలుకు మందిలో 30 లక్షలకు దగ్గరగా వస్తారు. పీహెచ్‌సీలో కూర్చునే ఏ డాక్టరూ తన దగ్గరకు అలాంటివాళ్లు రారని అనుకోవడానికి వీల్లేదు.

ఆ విశ్లేషణలోనే వైద్య విద్యకు చాలా పనికొచ్చే మాట మరొకటి ఉంది. అరుదైన వ్యాధులున్న ప్రతి పదిమందిలో ఎనిమిదిమంది దాకా కేవలం 149 వ్యాధుల కిందికి వస్తారు. ఆరేడు వేల జబ్బులు ఎవరు గుర్తుపెట్టుకోగలరు అని చేతులెత్తేసే అధ్యాపకులకు నా జవాబు ఇదే. ఎవరూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఆ 149లో మన ప్రాంతంలో కనిపించేవి, త్వరగా పసిగడితే ప్రాణం నిలిచేవి కొన్ని ఎంచుకుని, వాటి మీద అనుమానం కలిగే కన్నును తయారుచేస్తే చాలు.

విద్యార్థుల మీద జరిగిన సర్వేల్లో ఎక్కువ పేరున్నవి పోలండ్‌వి. పోజ్నాన్ వైద్య విశ్వవిద్యాలయానికి చెందిన యాన్ డొమరాడ్స్కీ, దారియుష్ వాల్కోవియాక్ 2019 నుంచి వరుసగా వైద్య, నర్సింగ్, ఫిజియోథెరపీ విద్యార్థులనూ, తర్వాత డాక్టర్లనూ ప్రశ్నించారు. అరుదైన వ్యాధులనే మాట చాలామంది విన్నారు. వాటి సంఖ్య, అవి ఎందుకొస్తాయన్నది, ఏవి అరుదైనవి, ఏవి కావన్నది అడిగితే తడబడ్డారు. తమకు తెలిసింది చాలదని, ఇలాంటి రోగి వస్తే చూసుకోవడానికి సిద్ధంగా లేమని అత్యధికులు ఒప్పుకున్నారు. పట్టా పుచ్చుకుని ఏళ్ల తరబడి వైద్యం చేస్తున్న డాక్టర్ల జవాబులు కూడా ఇంతకంటే మెరుగ్గా లేవు. కాలేజీలో ఏర్పడిన ఖాళీ అనుభవంతో దానంతట అదే నిండదని దీన్నిబట్టి తెలుస్తోంది. అదే బృందం 2022లో కజకిస్తాన్ విద్యార్థులనూ డాక్టర్లనూ అడిగినప్పుడు దాదాపు ఇదే బొమ్మ కనిపించింది.

ఈ సర్వేల మీద నాకో అభ్యంతరం ఉంది. ఐరోపా నిర్వచనం ఏమిటి, మొత్తం ఎన్ని వ్యాధులు, జన్యుసంబంధమైనవి ఎంత శాతం అని అడిగి, చెప్పలేకపోతే అవగాహన లేదని రాస్తున్నారు. 2,000లో ఒకరు అన్న అంకె తెలియనందువల్ల ఏ బిడ్డా చనిపోదు. ఇలాంటి ప్రశ్నలనే కొలతగా పెట్టుకుంటే కాలేజీలు ఇంకో ఉపన్యాసం పెట్టి, ఇంకో పది ఎంసీక్యూలు చేర్చి, పని అయిపోయిందనుకుంటాయి. ఆ సర్వేల్లో నన్ను కలవరపెట్టింది వేరే జవాబు. అలాంటి రోగిని చూసుకోవడానికి సిద్ధంగా లేమన్నారే, అది. అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

రోగుల వైపు నుంచి చూస్తే దీని ఖరీదు తెలుస్తుంది. ఐరోపాలోని 41 దేశాల్లో ఆరున్నర వేలమంది రోగులు, కుటుంబాలవాళ్లు చెప్పినదాన్ని బట్టి, మొదటి లక్షణం కనిపించిన దగ్గర్నుంచి జబ్బు పేరు తెలిసేదాకా సగటున పట్టిన కాలం 4.7 సంవత్సరాలు. 2024లో ప్రచురించిన లెక్క ఇది. ప్రజారోగ్య వ్యవస్థ, జన్యు పరీక్షల సదుపాయం దండిగా ఉన్న చోట్ల పరిస్థితి ఇది.

మన వార్డుల్లో ఈ కాలయాపన ఎక్కడ జరుగుతుందో ఒక్క ఉదాహరణ వివరంగా చెబుతాను. నెలలు నిండి పుట్టిన బిడ్డ, మంచి బరువు, పుట్టగానే ఏడ్చింది, రెండు రోజులు పాలు బాగా తాగింది. మూడో రోజు పాలు పట్టదు. వాంతులు, మగత, ఎగశ్వాస. నవజాత శిశువుల ప్రత్యేక చికిత్సా విభాగమైన ఎస్‌ఎన్‌సీయూలో చేర్చుకుని సెప్సిస్ అని రాస్తారు, యాంటీబయాటిక్స్ మొదలుపెడతారు. అది తప్పు కాదు. ఎక్కువమంది బిడ్డల్లో అది సెప్సిసే. ‘కామన్ థింగ్స్ ఆర్ కామన్’ అని ప్రతి ప్రొఫెసరూ రౌండ్స్‌లో చెప్పేది ఇందుకే. అయితే కల్చర్‌లో ఏమీ పెరగక, మందులకు లొంగక, బిడ్డ రోజురోజుకూ దిగజారుతుంటే ఆ సూత్రం దగ్గరే ఆగిపోకూడదు. పాలలోని ప్రొటీన్‌ను శరీరం అరాయించుకోలేని పుట్టుకతో వచ్చే జీవక్రియ లోపాల్లో చాలావాటి కథ సరిగ్గా ఇదే. కడుపులో ఉన్నంతకాలం తల్లి రక్తం బిడ్డ పనిని కూడా చేసిపెట్టింది. బయటికి వచ్చి పాలు తాగడం మొదలయ్యాక విషం పేరుకుంటుంది.

అక్కడ హౌస్ సర్జన్ చేయగలిగిన పని పెద్ద ఖర్చుతో కూడింది కాదు. రక్తంలో చక్కెర, బ్లడ్ గ్యాస్, లాక్టేట్, మూత్రంలో కీటోన్లు, అమోనియా చూడాలి. అమోనియా నమూనాను ఐసులో పెట్టి వెంటనే ల్యాబ్‌కు పంపాలి, ఆలస్యమైతే అంకె తప్పు వస్తుంది. ఫలితం వచ్చేలోపు ప్రొటీన్ ఆపి గ్లూకోజ్ ఎక్కించాలి. ఈ నాలుగు వాక్యాలు ఏ పాఠ్యపుస్తకంలోనైనా ఉన్నాయి. బోధనాసుపత్రిలో బిడ్డ పక్కన నిలబడి ఎంతమంది విద్యార్థుల చేత ఈ పని చేయిస్తున్నామన్నదే అసలు ప్రశ్న.

ఒక్కోసారి అన్నీ చేసినా బిడ్డ దక్కదు. అప్పుడు కూడా ఒక పని మిగిలి ఉంటుంది. ఫిల్టర్ పేపర్ మీద నాలుగు చుక్కల రక్తం ఆరబెట్టి, ఒక ఈడీటీఏ ట్యూబులో మరికొంత రక్తం తీసి దాచాలి. జబ్బు పేరు తర్వాత తేలినా, ఆ తల్లి మళ్లీ గర్భం దాల్చినప్పుడు 11 నుంచి 13 వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించి, పుట్టబోయే బిడ్డకూ అదే జబ్బు ఉందో లేదో చెప్పవచ్చు. నమూనా లేకుండా బిడ్డను పంపేస్తే ఆ దారి చాలా వరకు మూసుకుపోతుంది. ‘మొదటి బిడ్డ కూడా ఇలాగే మూడో రోజునే పోయింది సార్’ అని తల్లి చెప్పే మాట మన కేస్ షీట్లలో చాలాసార్లు ఒక్క గీతతో ముగుస్తుంది. నిజానికి ఆ కేస్ షీట్ మొత్తంలో దానికంటే విలువైన సమాచారం లేదు.

ఇది తెలుగు నేల మీద ఊహ కాదు. హైదరాబాద్‌లోని నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రుల్లో 18,300 మంది నవజాత శిశువులకు పరీక్షలు చేసి, ఎ.ఆర్. రమాదేవి, ఎస్.ఎం. నౌషాద్ 2004లో ఫలితాలు ప్రచురించారు. పుట్టుకతో వచ్చే థైరాయిడ్ లోపం 1,700 మందిలో ఒకరికి, అడ్రినల్ గ్రంథి లోపం 2,575 మందిలో ఒకరికి కనిపించాయి. జీవక్రియ లోపాలు దాదాపు వెయ్యిమందిలో ఒకరికి ఉన్నాయి. మొదటిదానికి రోజుకొక థైరాక్సిన్ మాత్ర ఇస్తే బిడ్డ అందరిలాగే ఎదుగుతుంది, ఇవ్వకపోతే బుద్ధిమాంద్యం మిగులుతుంది. రెండోదానిలో మగబిడ్డ చూడటానికి మామూలుగానే ఉండి, రెండు మూడు వారాల్లో ఒంట్లో ఉప్పు కోల్పోయి వాంతులతో చనిపోవచ్చు. ఇలాంటి బిడ్డలు ఎంతమంది విరేచనాలు, బాలారిష్టాలు అన్న ఖాతాలోకి వెళ్లిపోయారో!

మేనరికాలు మన దగ్గర దేశ సగటు కంటే ఎక్కువ. మేనమామను, మేనబావను చేసుకునే ఆచారం వల్ల తల్లిదండ్రులిద్దరిలోనూ ఒకే లోపమున్న జన్యువు దాగి ఉండే అవకాశం పెరుగుతుంది. దానికి తోడు, దగ్గరి చుట్టరికం లేకపోయినా ఒకే కులంలో శతాబ్దాలుగా పెళ్లిళ్లు చేసుకోవడం కూడా అదే పని చేస్తుంది. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్త కె. తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ తదితరులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో దక్షిణాసియాలోని 263 సమూహాలను పరిశీలించారు. వాటిలో 81 సమూహాల మూలపురుషుల సంఖ్య ఎంత చిన్నదో తెలిపే జన్యుముద్ర ఫిన్లాండ్ ప్రజల కంటే, అష్కెనాజీ యూదుల కంటే బలంగా ఉంది. మన వైశ్య సమాజం ఇందుకు పేరున్న ఉదాహరణ. వీరిలో కొందరికి బ్యూటిరైల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైము ఉండదు. మామూలు జీవితంలో దానివల్ల ఏ ఇబ్బందీ లేదు. ఆపరేషన్‌కు మత్తు ఇచ్చేటప్పుడు వాడే సక్సినైల్‌కోలిన్ అందరిలో కొన్ని నిమిషాల్లో విరిగిపోతుంది, ఆ ఎంజైము లేనివారిలో విరగదు. కండరాలు గంటల తరబడి కదలవు, అంతసేపూ వెంటిలేటర్ మీద ఉంచాల్సి వస్తుంది. మన రాష్ట్రాల్లో చదివే ప్రతి ఎనస్తీషియా విద్యార్థీ, థియేటర్ టెక్నీషియనూ, నర్సూ మొదటి నెలలోనే తెలుసుకోవలసిన సంగతి ఇది.  స్థానికంగా మనమే చెప్పుకోవాలి.

డుషేన్ కండర క్షీణత విషయంలో దారి తప్పే చోటు వేరు. నాలుగైదేళ్ల పిల్లవాడు తరచూ పడిపోతున్నాడని రక్త పరీక్ష చేస్తే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ పెరిగి ఉంటాయి. కాలేయం అనుకుని స్కానింగులు, హెపటైటిస్ పరీక్షలు, ఒక్కోసారి లివర్ బయాప్సీ దాకా వెళ్తారు. ఆ ఎంజైములు కండరంలోనూ ఉంటాయి. సీపీకే అనే చవకైన పరీక్ష ఒక్కటి చేస్తే అంకె వేలల్లో వచ్చి విషయం తేలుతుంది. పిక్కలు బలంగా, లావుగా కనిపించడం చూసి ‘పిల్లవాడు గట్టివాడే’ అని ఇంట్లో మురిసిపోతారు. ఆ పిక్కల మీద ఫిజియోథెరపీ విద్యార్థి చెయ్యి పడినప్పుడు అనుమానం రావాలి. బలం పెంచుతామని బరువులతో చేయించే వ్యాయామాలు ఈ పిల్లల కండరాలను ఇంకా దెబ్బతీస్తాయని కూడా ఆ విద్యార్థికి తెలిసి ఉండాలి.

చర్చలన్నీ ఎంబీబీఎస్ విద్యార్థుల చుట్టూనే తిరగడం నాకు బాధ కలిగిస్తుంది. బిడ్డ పాలు పట్టడం లేదని, గుడ్డల నుంచి వింత వాసన వస్తోందని మొదట గమనించేది నర్సు. పళ్లు రాలేదని, వచ్చిన నాలుగూ మొనదేలి ఉన్నాయని తల్లి తీసుకొచ్చేది దంతవైద్యుల దగ్గరికి. ఆ బిడ్డకు చెమట పడుతుందా, ప్రతి ఎండాకాలం జ్వరం వస్తుందా అని ఒక్క ప్రశ్న అడిగితే ఎక్టోడెర్మల్ డిస్‌ప్లేసియా బయటపడుతుంది. పోర్ఫిరియా ఉన్న మనిషికి ఏ మందు విషమవుతుందో చీటీ చూసి పట్టుకోగలిగేది ఫార్మసిస్టు. నర్సింగ్ కౌన్సిల్ పాఠ్యప్రణాళికలో జన్యుశాస్త్రం ఒక భాగంగా ఉంది. ఆ పాఠం తరగతి గదిలోనే ఆగిపోకుండా ప్రసూతి వార్డుకు, ఎస్‌ఎన్‌సీయూకు నడిచి వెళ్లాలి.

అనుమానం వచ్చాక ఎక్కడికి పంపాలి? ఈ ప్రశ్నకు జవాబు ఉంది. హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ, నిమ్స్ కలిసి జాతీయ విధానం కింద గుర్తించిన ఉత్కృష్ట కేంద్రంగా పనిచేస్తున్నాయి. నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం, అందులో డీఎం కోర్సు ఉన్నాయి. 2022 మే తర్వాత ఆ విధానం విభజించిన ఏ గ్రూపు వ్యాధికైనా ఇలాంటి కేంద్రాల ద్వారా 50 లక్షల రూపాయల దాకా సాయం అందే ఏర్పాటు ఉంది. 2013లో మొదలైన పిల్లల ఆరోగ్య తనిఖీ పథకం ఆర్‌బీఎస్‌కే బృందాలు అంగన్‌వాడీలకూ బడులకూ వెళ్లి పిల్లలను చూస్తాయి, అనుమానమున్నవారిని జిల్లా కేంద్రంలోని సత్వర చికిత్సా కేంద్రానికి (డీఈఐసీ) పంపుతాయి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో కండర క్షీణత, హీమోఫీలియా, తలసేమియా, సికిల్ సెల్ ఉన్నాయి కనుక ధ్రువపత్రం, పింఛను అడిగే హక్కు వీరికి ఉంది. ఈ దారి పటాన్ని నాలుగున్నరేళ్ల చదువులో ఎక్కడా ప్రశ్నగా అడగరు. పాడేరులో పనిచేయబోయే డాక్టరుకు మాత్రం లోపించిన ఎంజైము పేరు కంటే ఇదే ముందు కావాలి.

మందు లేని జబ్బుకు పేరు తెలిసి ఏం లాభమని ఒకప్పుడు పెద్ద డాక్టర్లే అనేవారు. ఆ మాటకు కాలం చెల్లుతోంది. టైరోసినీమియాకు వాడే నిటిసినోన్ ఏడాదికి రెండు కోట్ల పైన ఉండేది. దేశీయంగా తయారయ్యాక సుమారు రెండున్నర లక్షలకు దిగిందని 2023 నవంబరులో కేంద్ర ఆరోగ్య శాఖ ప్రకటించింది. అలా ధర తగ్గినవాటిలో గౌచర్, విల్సన్ మందులూ ఉన్నాయి. వెన్నుపాము కండర క్షీణతకు ఇచ్చే రిస్డిప్లామ్ సీసా ఆరు లక్షల పైచిలుకు ఉండగా, పేటెంటు వ్యాజ్యంలో 2025లో కోర్టు తీర్పులు అనుకూలంగా రావడంతో హైదరాబాద్ కంపెనీ నాట్కో దాన్ని 15,900 రూపాయలకు తెచ్చింది. ఈ మందు నశించిన నాడీకణాన్ని తిరిగి తేలేదు, మిగిలినవాటిని కాపాడుతుంది. కాళ్లు ఆడించని, కళ్లతో మాత్రం చురుగ్గా చూసే ఆరునెలల బిడ్డను ‘కొందరికి ఆలస్యంగా మెడ నిలుస్తుందిలేమ్మా’ అని పంపించేస్తే ఆ మందు ధర ఎంత తగ్గినా ప్రయోజనం ఉండదు.

తల్లిదండ్రులతో మాట్లాడటం గురించి చదువులో ఇంకా తక్కువ చోటుంది. జబ్బు జన్యువుల వల్ల అని చెప్పగానే మన ఇళ్లలో వేలు తల్లి వైపే చూపిస్తారు. ‘మా వంశంలో ఎవరికీ లేదు’ అని అత్తగారు అంటుంది. చాలా జబ్బుల్లో లోపం తండ్రి నుంచీ తల్లి నుంచీ సమానంగా వచ్చిందని, ఇద్దరిలో ఎవరి తప్పూ లేదని ఆ అత్తగారు కూడా ఉండగా స్పష్టంగా చెప్పడం వైద్యంలో భాగమే. ఇలాంటి జబ్బు మళ్లీ రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం అంటే, ఒక బిడ్డకు వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురికీ రాదని చాలామంది అనుకుంటారు. ప్రతి కాన్పుకూ ఆ లెక్క కొత్తగా మొదలవుతుందని మామూలు తెలుగులో విడమరచి చెప్పడం విద్యార్థి సాధన చేయాలి. వైఖరి, నైతికత, సంభాషణ అనే మాడ్యూల్ 2019 నుంచి ఎంబీబీఎస్‌లో ఉంది. ఆ గంటల్లో ఒకదాన్ని దీనికి కేటాయించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

లండన్ వైద్య విద్యార్థులు మొదలుపెట్టిన ప్రయత్నం మెడిక్స్ ఫర్ రేర్ డిసీజెస్ అనే సంస్థగా ఎదిగి, ఇతర విద్యార్థులకూ డాక్టర్లకూ పాఠాలు చెబుతోంది. 2021లో బ్రిటన్ ప్రకటించిన అరుదైన వ్యాధుల ప్రణాళికలోని నాలుగు ప్రాధాన్యాల్లో వైద్య సిబ్బందిలో అవగాహన పెంచడం ఒకటి. మన దగ్గర అరుదైన వ్యాధుల దినమైన ఫిబ్రవరి చివరి రోజున ర్యాలీలు తీస్తున్నారు, పోస్టర్లు వేస్తున్నారు. వాటితో పాటు ప్రతి బోధనాసుపత్రిలో నెలకొకసారి ఒక కుటుంబాన్ని ఆహ్వానించి, వాళ్లు తిరిగిన ఆస్పత్రుల వరుసను వాళ్ల నోటితోనే విద్యార్థులకు చెప్పిస్తే అది ఏ ఉపన్యాసం కంటే ఎక్కువ నేర్పుతుంది.

ప్రస్తుత పాఠ్యప్రణాళికలో డౌన్, టర్నర్, క్లైన్‌ఫెల్టర్ సిండ్రోములు పేరు పెట్టి ఉన్నాయి. అదే వరుసలో పాలు మానేసిన నవజాత శిశువు, మెడ నిలపని బిడ్డ, పొట్ట ఉబ్బిన పిల్లలను లక్షణాలుగా పెట్టి, వైవాలో అక్కడి నుంచి అడగాలి. ప్రతి ఎంబీబీఎస్ విద్యార్థీ పల్లెలో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకునే కార్యక్రమం ఇప్పటికే నడుస్తోంది. బీపీ, షుగర్ రాసుకుని రావడంతో పాటు ఆ కుటుంబాల మూడు తరాల వంశవృక్షం గీయించాలి. మేనరికాలు, చిన్నతనంలో పోయిన పిల్లలు, కారణం తెలియని మరణాలు అన్నీ అందులో పడాలి. ఆ వంశవృక్షాలను లాగ్‌బుక్‌లో దిద్ది మార్కులు వేయమని వరంగల్, విజయవాడ ఆరోగ్య విశ్వవిద్యాలయాలు ఒక్క సర్క్యులర్ ఇస్తే వచ్చే బ్యాచ్ నుంచే మొదలవుతుంది.